ఆ స్టాంపుల పుస్తకం నా డెస్కులో ఆరు వారాలు ఉంది



పోయిన ఏడాది హాఫ్ ఇయర్లీ పరీక్షల తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగులో ఎనిమిదో తరగతి బాబు నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు చూసి నాతో ఇలా అన్నారు. "మేడమ్, మ్యాథ్స్‌లో పదకొండు మార్కులు తగ్గాయి. ఇంట్లో ఎప్పుడు చూసినా ఆ పాత అమెరికా స్టాంపులే. మేం చెప్తే వినడు, మీరు చెప్తే వింటాడు." బాబు పక్కనే తలొంచుకుని నిలబడ్డాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "అలాగే సార్, నేను చూసుకుంటాను" అన్నాను. మర్నాడు ఆ పుస్తకం తెప్పించుకుని, "యాన్యువల్ ఎగ్జామ్స్ అయ్యాక ఇస్తాను నాన్నా" అని చెప్పి స్టాఫ్ రూమ్‌లో నా డెస్కులో పెట్టేశాను. ఒక సమస్య తీర్చేశానని సంతోషపడ్డాను కూడా.

ఆ నాన్నగారి అనుమతి తీసుకునే ఈ విషయం రాస్తున్నాను. ఇందులో తప్పు ఆయనది కాదు, నాది.

ఆరు వారాల తర్వాత, ఆన్సర్ షీట్ల కోసం డెస్కు వెతుకుతుంటే ఆ పుస్తకం చేతికి తగిలింది. మామూలు రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. తెరిచి చూశాను. ఒక్కో పేజీలో ఒక్కో పాత కవరు. కత్తిరించలేదు, జిగురు పూయలేదు. పేజీ నాలుగు మూలల్లో చిన్న కాగితపు ముక్కలు అతికించి వాటిలో కవరును దోపాడు. కింద ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు: ఏ తేదీ, ముద్రలో ఏ ఊరి పేరు ఉంది, స్టాంపు ఎన్ని సెంట్లు, రంగేమిటి, బొమ్మేమిటి. ఆ కింద ప్రశ్నలు.

వాళ్ళ చిన్న తాతయ్య 1969లో పై చదువుకు అమెరికా వెళ్ళారట. అక్కడి నుంచి పల్లెటూళ్ళో ఉన్న అన్నయ్యకు, అంటే ఈ బాబు తాతయ్యకు, రాసిన ఉత్తరాలవి. మొదటి కవరు మీద రెండు చంద్రుడి స్టాంపులు. మనిషి నిచ్చెన దిగి చంద్రుడి మీద కాలు పెడుతున్న బొమ్మ, పది సెంట్లది. తర్వాత 21 సెంట్ల జెట్ విమానం. ఆ తర్వాత 26 సెంట్ల మౌంట్ రష్‌మోర్, కొండలో చెక్కిన నలుగురు ప్రెసిడెంట్ల ముఖాలు. ఆ తర్వాత 31 సెంట్లవి. వాటిలో ఒకదాని మీద రైట్ సోదరులు.

బాబు ప్రశ్నలు ఇలా ఉన్నాయి. "అదే ఊరు, అదే కాగితం, అదే బరువు. 1971లో 21 సెంట్లు, 1974లో 26, 1976లో 31. ఎందుకు?" "రైట్ సోదరుల విమానానికి ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు ఎందుకు? ఇప్పటి విమానాలకు ఎందుకు లేవు?" "చంద్రుడి మీద పోస్టాఫీసు లేదు కదా, మరి ఈ స్టాంపు ఎందుకు వేశారు?"

నేను ఇంగ్లిష్ టీచర్‌ని. అదే బాబు నా క్లాసులో "మై హాబీ" అనే వ్యాసానికి పది లైన్లు రాశాడు. గైడులో ఉన్న పది లైన్లే, గార్డెనింగ్ గురించి. ఈ పుస్తకంలో మాత్రం నలభై పేజీలు తన సొంత ఇంగ్లిష్‌లో రాశాడు. స్పెల్లింగులు తప్పులు, టెన్సులు తప్పులు. కానీ ప్రతి వాక్యం తనదే. అలాంటి వాక్యం ఒక్కటైనా రాయించడానికే కదా నేను బీఈడీ చదివింది? ఆ పుస్తకాన్నే తాళం వేసి దాచాను.

అందుకే ఈ నెల మీతో ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. మీ అబ్బాయో అమ్మాయో ఇలాంటి పాత కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, "దీనికి ఎన్ని మార్కులు?", "ఇది అమ్మితే ఎంత వస్తుంది?" అని అడగకండి. ఆ రెండు ప్రశ్నలూ పక్కన పెట్టి, వాళ్ళ పక్కన పది నిమిషాలు కూర్చోండి. ఎందుకో చెప్తాను.

బొమ్మ చిన్నది, కథ పెద్దది

ఆ పుస్తకం చూశాక నేనూ అమెరికా ఎయిర్ మెయిల్ స్టాంపుల గురించి చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో క్రమం తప్పని విమాన తపాలా 1918 మే 15న మొదలైంది. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ మధ్య. అప్పుడు మామూలు ఉత్తరానికి 3 సెంట్లు, విమానంలో పంపితే 24 సెంట్లు. అంటే ఎనిమిది రెట్లు. దాని కోసం ఎర్ర చట్రంలో నీలం రంగు విమానంతో ఒక స్టాంపు అచ్చు వేశారు. ఆ విమానం పేరు కర్టిస్ జెన్నీ.

మొదటి రోజు ఏం జరిగిందో పిల్లలకు చెప్పి చూడండి. ప్రెసిడెంట్ విల్సన్ స్వయంగా చూడటానికి వచ్చారు. విమానం ఎంతకీ స్టార్ట్ కాలేదు. చూస్తే ట్యాంకులో పెట్రోలు లేదు! పెట్రోలు పోశాక పైలట్ జార్జ్ బాయిల్ ఎగిరారు. కానీ ఉత్తరం దిక్కుకు వెళ్ళాల్సిన వారు కింద కనిపించిన రైలు పట్టాలను పట్టుకుని దక్షిణానికి వెళ్ళిపోయారు. మేరీలాండ్ రాష్ట్రంలో వాల్‌డార్ఫ్ అనే ఊరి దగ్గర దిగితే విమానం బోల్తా పడింది. ఆయన తెచ్చిన సంచులు రోడ్డు మీదుగా వెనక్కి వచ్చాయి. కానీ అదే రోజు అవతలి వైపు నుంచి, అంటే న్యూయార్క్ నుంచి బయలుదేరిన ఉత్తరాలు ఫిలడెల్ఫియా మీదుగా వాషింగ్టన్‌కు క్షేమంగా చేరాయి. సర్వీసు ఆగలేదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, స్టాంపు మీద చెక్కిన విమానం నంబరు 38262. బాయిల్ నడిపిన విమానం నంబరు కూడా అదే.

ఈ కథ నేను క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు పడీపడీ నవ్వారు. చివరి బెంచీ అమ్మాయి ఒకతె అడిగింది, "మేడమ్, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారా?" అని. తప్పు జరగ్గానే మన పిల్లలకు మొదట గుర్తొచ్చేది శిక్ష. ఆ ప్రశ్న నన్ను చాలాసేపు వదల్లేదు.

ఆ స్టాంపుతోనే ఇంకో తప్పు జరిగింది. రెండు రంగులు కాబట్టి కాగితం ప్రెస్సులోకి రెండుసార్లు వెళ్ళాలి. ఒక షీటు ఒకసారి తిరగబడి వెళ్ళింది. దాంతో వంద స్టాంపుల మీద విమానం తలకిందులుగా అచ్చయింది. విలియం రోబీ అనే చిన్న ఉద్యోగి ఆ షీటును 24 డాలర్లకు పోస్టాఫీసులో కొన్నాడు. కొద్ది రోజుల్లోనే 15,000 డాలర్లకు అమ్మాడు. తర్వాత ఆ షీటును విడదీశారు. 2023లో అందులో ఒకే ఒక్క స్టాంపు వేలంలో 20 లక్షల డాలర్లకు పైగా పలికింది.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రుల కళ్ళు మెరుస్తాయి. ఆ మెరుపు గురించి కాసేపాగి మాట్లాడుకుందాం. అంతకు ముందు ఆ స్టాంపుల్లో ఉన్న లెక్కలు, సైన్సు చూడండి.

అదే 1918లో విమాన తపాలా రేటు జూలైలో 24 నుంచి 16 సెంట్లకు, డిసెంబరులో 6 సెంట్లకు దిగింది. అదే జెన్నీ బొమ్మ, 16 సెంట్లది ఆకుపచ్చ, 6 సెంట్లది నారింజ. ఖరీదు ఎక్కువైతే జనం వాడరు, తగ్గిస్తే వాడతారు అన్న ఎకనామిక్స్ పాఠం మూడు రంగుల్లో కనబడుతుంది. మొదట్లో రాత్రి పూట విమానాలు ఎగిరేవి కావు. చీకటి పడితే ఉత్తరాలను రైలెక్కించేవారు. తర్వాత దారి పొడవునా పెద్ద దీపపు స్తంభాలు నిలబెట్టి, 1924 జూలై 1 నుంచి రాత్రి ప్రయాణం మొదలుపెట్టారు. 1928లో వచ్చిన 5 సెంట్ల స్టాంపు మీద వ్యోమింగ్ కొండల్లోని అలాంటి దీపమే ఉంటుంది. పోస్టాఫీసు సొంతంగా విమానాలు నడిపిన ఆ తొమ్మిదేళ్ళలో 30 మందికి పైగా పైలట్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక ఉత్తరం మర్నాటికి చేరాలన్న పట్టుదలకు అంత ఖరీదు కట్టారు.

1927 మేలో చార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఒంటరిగా ఎగిరారు. అంతకు ముందు ఆయన సెయింట్ లూయిస్, చికాగో మధ్య ఉత్తరాల సంచులు మోసిన పైలట్. నెల తిరగకముందే ఆయన గౌరవార్థం 10 సెంట్ల స్టాంపు వచ్చింది. బతికున్నవారి బొమ్మ స్టాంపు మీద వేయకూడదు కాబట్టి ఆయన విమానం బొమ్మ వేసి, పక్కన పేరు మాత్రం అచ్చు వేశారు.

ఇక బాబు అడిగిన రెండు రెక్కల ప్రశ్న. తొలినాళ్ళ రెక్కలు కర్ర, గుడ్డతో చేసినవి. ఒంటి రెక్క అంత బరువుకు వంగిపోయేది. పైన ఒకటి, కింద ఒకటి పెట్టి మధ్యలో కర్రలు, తీగలు బిగిస్తే వంతెనలా గట్టిగా నిలిచేది. లోహపు రెక్కలు వచ్చాక ఆ అవసరం తీరింది. చంద్రుడి స్టాంపు సంగతి కూడా చెప్పాలి. దాన్ని అచ్చు వేయడానికి చెక్కిన అచ్చు దిమ్మను అపోలో 11 వ్యోమగాములు తమతో తీసుకెళ్ళి తిరిగి తెచ్చారు. ఈ జవాబులు నాకు ముందే తెలియవు. ఆ బాబు అడగబట్టి వెతికాను.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. అమెరికాలో క్రమం తప్పని విమాన తపాలా మొదలవడానికి ఏడేళ్ళ ముందే, 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుంచి యమున దాటి నైనీకి ఆరు వేలకు పైగా ఉత్తరాలతో ఒక విమానం వెళ్ళింది. ప్రపంచంలో అధికారికంగా జరిగిన తొలి విమాన తపాలా అదే. నడిపింది హెన్రీ పెకే అనే ఫ్రెంచి యువకుడు. 1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి స్వయంగా విమానం నడిపి ఉత్తరాలు తెచ్చారు. పిల్లలకు అమెరికా కవరు చూపిస్తే, దాని వెనక ఈ ప్రశ్న కూడా వస్తుంది: "మరి మన దగ్గర?"

"అమ్మితే ఎంత వస్తుంది?"

ఇప్పుడు ఆ మెరుపు సంగతి. నిజం చెప్పాలంటే, మీ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న స్టాంపులకు పెద్దగా ఏమీ రాదు. అవి కోట్ల సంఖ్యలో అచ్చయినవి.

ఖరీదైనవి ఎందుకు ఖరీదో చూడండి. 1930లో గ్రాఫ్ జెపెలిన్ అనే పెద్ద గాలి ఓడ ప్రయాణం కోసం అమెరికా మూడు స్టాంపులు వేసింది: 65 సెంట్లు, 1.30 డాలర్లు, 2.60 డాలర్లు. మూడూ కలిపి 4.55 డాలర్లు. అప్పుడు అమెరికాలో ఆర్థిక మాంద్యం, ఉద్యోగాలు ఊడుతున్న రోజులు. మామూలు జనం కొనలేకపోయారు. ఒక్కోటి పది లక్షలు అచ్చు వేస్తే అమ్ముడుపోయినవి పదో వంతు కూడా లేవు. మిగిలినవి తపాలా శాఖే నాశనం చేసింది. అందుకే ఈ రోజు వాటికంత ధర.

దీనికి పూర్తిగా భిన్నమైనది 1941లో వచ్చిన 6 సెంట్ల ఎర్ర విమానం స్టాంపు. వందల కోట్లలో అమ్ముడుపోయింది. ఇప్పుడు దానికి ధరే లేదు. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల ఉత్తరాలకు విమాన తపాలా రేటు 6 సెంట్లు. ఇంట్లోవాళ్ళు సముద్రాల అవతల ఉన్న కొడుకులకు రాసిన ఎన్నో ఉత్తరాలను ఆ స్టాంపే మోసింది. ధర వేరు, విలువ వేరు అన్న మాట మనం పిల్లలకు ఎన్నిసార్లో చెప్తాం. ఈ రెండు స్టాంపులు పక్కపక్కన పెడితే చెప్పనక్కర్లేదు.

కాబట్టి "అరుదైనవి" అంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాటికి డబ్బు పోయకండి. ముందు మీ ఇంట్లోనే వెతకండి. అమెరికాలో అన్నయ్యో, బాబాయో, అత్తయ్యో లేని తెలుగు ఇల్లు ఇప్పుడు అరుదు. ఫోన్ చేయాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి ఎదురుచూసిన రోజుల్లో వాళ్ళు ఉత్తరాలే రాశారు. ఆ కట్టలు అమ్మమ్మల బీరువాల్లో, నానమ్మల పెట్టెల్లో ఉన్నాయి. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని పాత పేపర్ల వాడి బండెక్కుతున్నాయి.

దొరికితే కొన్ని జాగ్రత్తలు:

కవరు మీది స్టాంపును కత్తిరించకండి, నీళ్ళలో నానబెట్టకండి. తేదీ ముద్రతో, అడ్రసుతో కవరు మొత్తం ఉంటేనే కథ ఉంటుంది.

సెల్లోటేపు, ఫెవికాల్ వాడకండి. కొన్నేళ్ళకు కాగితం పసుపెక్కి పాడవుతుంది.

విడి స్టాంపులను వేళ్ళతో కాకుండా మొన చదునుగా ఉన్న పట్టకారుతో పట్టుకోమనండి. తేమ లేని చోట దాచండి.

లోపలి ఉత్తరం చదివే ముందు, రాసినవాళ్ళు ఉంటే వాళ్ళను, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. అది వాళ్ళ సొంత విషయం.

"మరి చదువు?"

మీ ప్రశ్న నాకు తెలుసు. ఫీజులు ఎంత కష్టపడి కడుతున్నారో నాకు తెలుసు. ఉదయం ఏడింటికి బస్సెక్కిన పిల్లలు సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక ఇంటికొస్తారు, పైగా ఫౌండేషన్ కోర్సు. ఇందులో స్టాంపులకు టైమ్ ఎక్కడిది? నేను అడిగేది వారానికి అరగంట, ఆదివారం. మార్కులు తగ్గితే తప్పకుండా మాట్లాడుకుందాం, కారణం వెతుకుదాం. కానీ పిల్లలు ఇష్టంగా చేసే ఒక్క పనినే మొదట ఆపేయడం మాత్రం వద్దు. అలా ఆపడం తేలిక కాబట్టే నేనూ ఆపాను.

ఆ బాబుకు యాన్యువల్‌లో మ్యాథ్స్ మార్కులు పెరిగాయా అని అడుగుతారేమో. నాలుగు పెరిగాయి. పుస్తకం తీసేసుకున్నందుకు పెరిగాయని నేను చెప్పలేను, కాదని కూడా చెప్పలేను.

మన స్కూలుకు కూడా ఒక విన్నపం. ఇది చదివి ఎవరైనా "స్టాంప్ క్లబ్ పెడదాం, పోటీ పెడదాం, ర్యాంకులిద్దాం" అంటే దయచేసి వద్దనండి. మన పిల్లలకు ర్యాంకు లేని పని ఒక్కటైనా మిగలనివ్వండి. తపాలా శాఖ 2017 నుంచి 6 నుంచి 9 తరగతుల పిల్లలకు స్టాంపుల సేకరణ మీద ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తోంది. మంచి విషయమే. పిల్లలు తమంతట తాము అడిగితే రాయించండి. దానితో మొదలుపెట్టకండి.

చివరి పేజీ

పుస్తకం తెరిచిన మర్నాడే బాబును పిలిచి తిరిగి ఇచ్చాను. సారీ కూడా చెప్పాను. "పర్లేదు మేడమ్" అని మర్యాదగా తీసుకున్నాడు. రెండు నెలల తర్వాత అడిగితే, "టెన్త్ అయ్యాక చూస్తాను మేడమ్" అన్నాడు. ఏ కోపమూ లేదు. ఆసక్తి కూడా లేదు. ఆ జవాబు మనం నేర్పిందే. అందుకే అది నన్ను ఇంకా బాధ పెడుతోంది.

ఆ పుస్తకం చివరి పేజీలో కవరేమీ లేదు. ఒక ప్రశ్న మాత్రం ఉంది: "తాతయ్య కూడా జవాబులు రాసి ఉంటారు కదా. ఇండియా స్టాంపులున్న ఆ కవర్లు ఎక్కడున్నాయి?"

ఉంటే అవి అమెరికాలో, వాళ్ళ చిన్న తాతయ్య ఇంట్లోనే ఉండాలి. తాతయ్య ఇప్పుడు లేరు. చిన్న తాతయ్యకు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఈ ప్రశ్నను మొన్నటి మీటింగులో బాబు నాన్నగారికి చూపించాను. ఆయన ఆ పేజీని చాలాసేపు చూశారు. "బాబాయికి ఈ ఆదివారం ఫోన్ చేస్తాం మేడమ్, వాడి చేతే మాట్లాడిస్తాను" అన్నారు. చేశారో లేదో నేను ఇంకా అడగలేదు.

మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంటే ఈ ఆదివారం ఒకసారి దించండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నకు మీకు జవాబు తెలియకపోతే కంగారు పడకండి. సోమవారం నా దగ్గరికి పంపండి, కలిసి వెతుకుతాం.

— మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్